లవంగ నూనె చుట్టూ ఏర్పడిన వలయం దేనికి సాక్ష్యం?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బ్యాక్టీరియా ఏదైనా ఉపరితలానికి అంటుకుని, తామే స్రవించిన జిగురులో గుంపుగా బతికే స్థితిని బయోఫిల్మ్ అంటారు. పళ్ల మీది గార, నీళ్ల తొట్టి గోడల మీది జారుడు పొర, మూత్రపు గొట్టాల లోపల పేరుకునే పూత అన్నీ ఈ కోవలోవే. సుగంధ తైలాలు వీటి మీద పనిచేస్తాయా అనే విషయమై ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఉన్నందున శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. లవంగ, వాము, తులసి తైలాలను స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా అనే రెండు బ్యాక్టీరియాల మీద పరీక్షించాను. బ్యాక్టీరియా పరిచిన అగార్ జెల్లీ మీద నూనె ఇంకిన కాగితపు బిళ్లను ఉంచే డిస్క్ పద్ధతిలో లవంగ నూనెకు స్టెఫైలోకాకస్ మీద, బ్యాక్టీరియా పెరగని 22 మిల్లీమీటర్ల వలయం వచ్చింది, సూడోమోనాస్ మీద 9 మిల్లీమీటర్లే వచ్చింది. తరువాత వెల్స్ అనే 96 చిన్న గుంటలున్న ప్లేటులో నూనెనూ స్టెఫైలోకాకస్‌నూ కలిపి ఒక రోజు ఉంచి, గోడకు అంటుకున్న పొరకు పట్టే క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి చూశాను. 1 శాతం నూనె ఉన్న వెల్స్‌లో రంగు దాదాపు కనిపించలేదు. లవంగ నూనె బయోఫిల్మ్‌ను నాశనం చేస్తుందని ప్రాజెక్టు నివేదికలో రాయవచ్చా, సార్?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఇప్పుడే రాయవద్దమ్మా. మీ శ్రమ వృథా కాలేదు. కానీ మీరు రాయదలచుకున్న వాక్యానికి ఈ రెండు ఫలితాలలో ఏదీ సాక్ష్యం కాదు. ఎందుకు కాదో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే పొరపాటు అచ్చయిన పరిశోధన పత్రాలలో కూడా తరచుగా కనిపిస్తుంది.

ముందుగా వలయం సంగతి చూద్దాం. అగార్ మీద మనం పరిచేది అప్పుడప్పుడే పెరగడం మొదలుపెట్టిన, విడివిడిగా ఉన్న కణాలను. డిస్క్‌లోని నూనె అగార్‌లోకి ఎంత దూరం పాకితే అంత మేరకు వాటి పెరుగుదల ఆగుతుంది. అక్కడ బయోఫిల్మ్ అనేదే లేదు. పైగా నూనె నీటిలో కలవదు, అగార్‌లో అధికభాగం నీరే. అందువల్ల బలమైన తైలమైనా సరిగా పాకకపోతే చిన్న వలయాన్నే ఇస్తుంది, బలహీనమైనదైనా కొంచెం ఎక్కువగా కరిగితే పెద్ద వలయాన్ని ఇస్తుంది. తేలికగా ఆవిరయ్యే తైలమైతే పెట్రి ప్లేటు మూత కింద ఆవిరిగా వ్యాపించి, డిస్క్‌కు దూరంగా ఉన్న కాలనీలను కూడా తగ్గిస్తుంది. డిస్క్ వ్యాసమే 6 మిల్లీమీటర్లు కనుక, సూడోమోనాస్ మీద మీకు వచ్చిన 9 మిల్లీమీటర్లంటే డిస్క్ అంచు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. లవంగ వలయాన్నీ వాము వలయాన్నీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చడానికి ఈ పద్ధతి పనికిరాదు. చేతిలో ఉన్న పది తైలాలలో దేనిని ముందుగా లోతుగా పరీక్షించాలో ఎంచుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

తరువాత చేయవలసింది ఎంఐసీ, అంటే పెరుగుదలను కంటికి కనబడకుండా ఆపగలిగే కనీస గాఢతను కనుక్కోవడం. మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల జీవకణాలు ఉండేలా బ్యాక్టీరియాను సిద్ధం చేసుకుని, తైలాన్ని వెల్ నుంచి వెల్‌కు సగానికి సగం తగ్గిస్తూ పోవాలి. ఇక్కడ తైలాలు రెండు చిక్కులు తెస్తాయి. మొదటిది, నూనె బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) మీద తేలిపోకుండా, దాన్ని కలిపి ఉంచే ట్వీన్ 80 గానీ డీఎంఎస్‌ఓ గానీ చాలా కొద్దిగా వాడక తప్పదు. అలా వాడినప్పుడు, నూనె లేకుండా అదే మోతాదు ట్వీన్ మాత్రమే ఉన్న వెల్స్‌ను తప్పనిసరిగా పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే ట్వీన్ కణాలు గోడకు అంటుకోవడాన్ని తానే మార్చగలదు, ఎక్కువైతే తైలపు అణువులను తనలో పట్టి ఉంచి వాటి శక్తిని తగ్గించగలదు కూడా. బ్రాత్‌లో 0.15 శాతం అగార్ కలిపి తైలాన్ని నిలకడగా ఉంచే పద్ధతి కూడా ఉంది. నాకు అదే మెరుగనిపిస్తుంది. రెండవ చిక్కు, నూనె కలిసిన బ్రాత్ తెల్లగా మసకబారి ఉంటుంది కనుక ద్రవం మసకను బట్టి పెరుగుదలను కొలిచే ఆప్టికల్ డెన్సిటీని నమ్మలేము. రిసాజురిన్ అనే రంగు వేస్తే బతికిన కణాలున్న వెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారుతుంది. అయితే ఫినాల్ జాతి అణువులు ఎక్కువగా ఉన్న తైలాలు కణాలు లేకుండానే ఇలాంటి రంగులతో చర్య జరిపే వీలుంది. కాబట్టి తైలం, బ్రాత్, రంగు మాత్రమే ఉన్న వెల్ ఒకటి ఉండి తీరాలి.

ఇప్పుడు మీ క్రిస్టల్ వయొలెట్ ఫలితానికి వద్దాం. స్టెఫైలోకాకస్ విషయంలో లవంగ నూనె ఎంఐసీ సాధారణంగా 1 శాతం కంటే చాలా తక్కువలోనే ఉంటుంది. అంటే మీ 1 శాతం వెల్స్‌లో బ్యాక్టీరియా మొదటి గంటలలోనే చచ్చి ఉంటుంది లేదా పెరగకుండా ఆగిపోయి ఉంటుంది. పెరగని బ్యాక్టీరియా బయోఫిల్మ్ కట్టదు. అక్కడ రంగు లేకపోవడం లవంగ నూనె బ్యాక్టీరియాను చంపుతుందనే మాటనే మరోసారి చెబుతోంది తప్ప, బయోఫిల్మ్ గురించి కొత్తగా ఏమీ చెప్పడం లేదు. బయోఫిల్మ్ కట్టడాన్ని ప్రత్యేకంగా అడ్డుకుంటున్నదని చెప్పాలంటే ఎంఐసీలో సగం, పావు, అరపావు గాఢతలలో పరీక్షించి, ఆ వెల్స్‌లో బ్యాక్టీరియా మామూలుగానే పెరిగిందని కాలనీల లెక్కతో చూపించి, అయినా గోడకు అంటుకున్నది తగ్గిందని నిరూపించాలి. ఈ ఒక్క పట్టిక మీ నివేదికలో ఉంటే దాని విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎంఐసీకి తక్కువ గాఢతలలో ఫలితం ఎదురుతిరగడం కూడా సాధ్యమేనని గుర్తుంచుకోండి. టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ చాలని మోతాదులో సూడోమోనాస్ బయోఫిల్మ్‌ను పెంచుతుందని 2005లోనే చూపారు. మీ తైలాలలో ఏదైనా అలా ప్రవర్తిస్తే ఆ అంకెలను దాచకండి, అది కూడా ఫలితమే.

ఇదంతా బయోఫిల్మ్ కట్టకుండా ఆపడం గురించి. కట్టిన తరువాత తీయడం వేరే ప్రశ్న, దానికి వేరే ప్రయోగం కావాలి. బ్యాక్టీరియాను తైలం లేకుండా 24 గంటలు పెరగనిచ్చి, పైన తేలే కణాలను నెమ్మదిగా కడిగేసి, అప్పుడు తైలం ఉన్న తాజా బ్రాత్ పోయాలి. స్టెఫైలోకాకస్‌కు ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో 1 శాతం గ్లూకోజు కలిపితే పొర బాగా కడుతుంది. ఇక్కడ అంకెలు ఒక్కసారిగా పెరిగిపోతాయని ముందే సిద్ధపడండి. విడి కణాలను ఆపిన గాఢతకు పది రెట్లు, ఒక్కోసారి వంద రెట్లు, కొన్ని మందుల విషయంలో వెయ్యి రెట్లు కూడా అవసరం కావచ్చు. జిగురు అడ్డుపడటం అందుకు ఒక కారణం మాత్రమే. లోపలి పొరలలో ఆక్సిజనూ ఆహారమూ చాలక కణాలు దాదాపు నిద్రావస్థలో ఉంటాయి, పెరుగుతున్న కణాన్ని దెబ్బతీసే మందు వాటిని తాకినా ఏమీ చేయలేదు.

కట్టిన పొర మీద క్రిస్టల్ వయొలెట్ ఒక్కటే చాలదు. ఆ రంగు బతికిన కణానికీ చచ్చిన కణానికీ చుట్టూ ఉన్న జిగురుకూ ఒకేలా పడుతుంది. తైలం కణాలన్నిటినీ చంపినా వాటి కళేబరాలు గోడనే అంటుకుని ఉంటే రంగు తగ్గదు, మీరేమో తైలం పనిచేయలేదని రాస్తారు. కణాలు చావకుండానే గోడ నుంచి ఊడివస్తే రంగు తగ్గుతుంది, అప్పుడు పనిచేసిందని రాస్తారు. ఆసుపత్రి గొట్టంలో జరిగితే ఈ రెండవది ప్రమాదకరం కూడా, ఎందుకంటే ఊడిన కణాలు రక్తంలోకి ప్రయాణించగలవు. కాబట్టి రంగుతో పాటు, పొరను గీకి లేదా ధ్వని తరంగాలతో కదిలించే సోనికేటర్‌తో విడదీసి, వరుసగా పలుచన చేసి, ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టే ముందు వెల్‌లో మిగిలిన తైలాన్ని కడిగేయాలి. లేకపోతే ప్లేటు మీదకు కూడా తైలం వెళ్లి, బతికిన కణాలను అక్కడ పెరగనివ్వదు. పొరను లోతుల వారీగా చూపే కాన్ఫోకల్ మైక్రోస్కోపు ఉన్న విశ్వవిద్యాలయంతో మీ విభాగానికి పరిచయముంటే ఒక్క నమూనానైనా చూపించుకోండి. సైటో 9, ప్రొపిడియం అయొడైడ్ అనే రెండు రంగులు వేస్తే పొర మందంగా ఉన్నచోట కూడా కణాలు ఏ లోతులో ఆకుపచ్చగా బతికి ఉన్నాయో, ఏ లోతులో ఎర్రగా చచ్చి ఉన్నాయో కనిపిస్తుంది.

క్రిస్టల్ వయొలెట్ చేసేటప్పుడు చేతి పని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది కనుక దాని గురించి కూడా రెండు మాటలు. పైపెట్ మొనను వెల్ అడుగుకు తగలనీయకుండా గోడ పక్కగా వంచి కడగండి. 0.1 శాతం రంగును పది, పదిహేను నిమిషాలు ఉంచి, కడిగి, ప్లేటును టిష్యూ కాగితం మీద బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి, ఆ తరువాతే 30 శాతం ఎసిటిక్ ఆమ్లంతో రంగును కరిగించండి. బ్యాక్టీరియా లేని వెల్స్ సగటుకు ప్రామాణిక విచలనాన్ని మూడింతలు చేసి కలిపితే వచ్చేది మీ హద్దు. దానికి నాలుగు రెట్లు దాటిన బ్యాక్టీరియా రకాన్నే బలమైన బయోఫిల్మ్ కట్టేదిగా లెక్కిస్తారు. ప్లేటు అంచు వరుసలలో నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కాబట్టి వాటిని పరీక్షకు వాడకపోవడం మంచిది. తైలపు ఆవిరి పక్క వెల్స్‌లోకి పాకి, తైలం వేయని కంట్రోల్‌లో కూడా పెరుగుదలను తగ్గిస్తుంది కనుక ప్లేటుకు అంటుకునే సీలు వేయండి, వీలైతే కంట్రోల్‌కు వేరే ప్లేటు వాడండి. నారింజ తొక్క తైలం వంటి లిమొనీన్ ఎక్కువగా ఉన్న వాటిని మునుముందు పరీక్షించే ఆలోచన ఉంటే, అవి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌నే కరిగిస్తాయని గుర్తుంచుకోండి. వెల్ అడుగు మసకబారి గరుకెక్కిన తరువాత అక్కడ పట్టిన రంగు బ్యాక్టీరియాదో ప్లాస్టిక్‌దో ఎవరూ చెప్పలేరు.

మీ గైడ్‌తో కూర్చుని, చేయగలిగినంత వరకు చేసి, చేసిన దానికి సరిపడా వాక్యమే రాయండి. "లవంగ నూనె ఎంఐసీలో పావు గాఢత వద్ద, పెరుగుదల తగ్గకుండానే స్టెఫైలోకాకస్ అంటుకోవడాన్ని ఇంత శాతం తగ్గించింది" అనే వాక్యం చిన్నదే అయినా, "బయోఫిల్మ్‌ను నాశనం చేస్తుంది" అనే దానికన్నా నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా కళాశాలలో రెండు దుకాణాల నుంచి కొన్న తులసి తైలాలతో ఒకే పరీక్ష చేయిస్తే ఒకదానికి మంచి ఫలితం, మరొకదానికి దాదాపు శూన్యం వచ్చింది. తప్పు విద్యార్థులదా, తైలానిదా?
– ఫార్మసీ అధ్యాపకుడు, వరంగల్

జవాబు: విద్యార్థులను అనుమానించే ముందు రెండు సీసాలనూ, తైలంలో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే జీసీ-ఎంఎస్ పరీక్షకు పంపండి. ఒకే పేరుతో అమ్ముడయ్యే తైలాల లోపలి రసాయనాలు చాలా వేరుగా ఉంటాయి. తులసిలోనే యూజినాల్ ప్రధానంగా ఉన్న మొక్కలున్నాయి, మిథైల్ యూజినాల్ ప్రధానంగా ఉన్నవీ ఉన్నాయి. యూజినాల్‌లో ఉన్న స్వేచ్ఛా హైడ్రాక్సిల్ సమూహం మిథైల్ యూజినాల్‌లో ఉండదు కనుక బ్యాక్టీరియా మీద వాటి ప్రభావం కూడా ఒకటి కాదు. పైగా తులసి పేరుతో సబ్జా మొక్క నుంచి తీసిన తైలాన్ని అమ్మడం అరుదేమీ కాదు, అందులో మిథైల్ ఛావికాల్ గానీ లినలూల్ గానీ ఎక్కువగా ఉంటుంది. దాల్చిన విషయంలో ఇంకా స్పష్టమైన తేడా ఉంది: బెరడు తైలంలో సిన్నమాల్డిహైడ్ ప్రధానం, అదే చెట్టు ఆకు తైలంలో యూజినాల్ ప్రధానం. "దాల్చిన తైలం" అని మాత్రమే రాసిన నివేదికను మరొకరు తిరిగి చేసి చూడలేరు.

అందుకే వీలైనంత వరకు మొక్కను మీరే గుర్తించి, ఎండిన నమూనాను కళాశాల హెర్బేరియంలో భద్రపరచి, క్లెవెంజర్ అనే స్వేదన పరికరంతో తైలాన్ని మీరే తీసుకోవడం మేలు. తీసిన తైలంలోని నీటి తడిని అనార్ద్ర సోడియం సల్ఫేట్‌తో తొలగించి, ముదురు గోధుమ రంగు సీసాలో గాలి ఖాళీ లేకుండా నింపి, 4 డిగ్రీల వద్ద ఉంచండి. వెలుతురూ గాలీ తగిలిన తైలంలో టెర్పీన్లు ఆక్సీకరణ చెంది కొత్త పదార్థాలుగా మారతాయి, వాటిలో కొన్ని చర్మానికి అలర్జీ కలిగించేవి కూడా.

గాఢతను రాసే పద్ధతి గురించి ఒక మాట. ఒక పత్రంలో శాతమని, మరొక దానిలో మిల్లీలీటరుకు మైక్రోలీటర్లని, ఇంకొక దానిలో మిల్లీగ్రాములని రాస్తారు. లవంగ నూనె నీటికన్నా బరువు, నిమ్మగడ్డి తైలం నీటికన్నా తేలిక. సాంద్రతను కొలిచి రాయకపోతే ఇతరుల అంకెలతో మీ అంకెలను పోల్చడం కుదరదు. స్వచ్ఛమైన యూజినాల్‌ను లేదా థైమాల్‌ను కూడా అదే ప్లేటులో ఉంచితే తైలం శక్తిలో ఎంత భాగం ఆ ఒక్క అణువుదో తెలుస్తుంది. వాము తైలంలో ప్రధానమైన థైమాల్‌నే మన పచారీ కొట్లలో వాముపువ్వు అని అమ్ముతారు. అయితే పరీక్షకు మాత్రం రసాయనాల సంస్థ నుంచి స్వచ్ఛత పత్రంతో తెప్పించుకున్న థైమాల్‌నే వాడించండి. బ్యాక్టీరియాను కూడా చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి గుర్తింపు ఉన్న భాండాగారం నుంచి సంఖ్యతో సహా తెప్పించండి, ఎందుకంటే ఒకే జాతిలో కూడా బయోఫిల్మ్ బాగా కట్టే రకాలూ అసలు కట్టని రకాలూ ఉన్నాయి.

ప్రశ్న: మా ఏజెన్సీ గ్రామంలో కొందరం కలిసి నిమ్మగడ్డి సాగుచేసి తైలం తీస్తున్నాము. ఒక వ్యాపారి వచ్చి, సీసా మీద "బయోఫిల్మ్ బ్యాక్టీరియాను చంపుతుంది" అని రాసుకుంటే రెట్టింపు ధర వస్తుందని చెప్పాడు. ఆ పరీక్ష ఎక్కడ చేయిస్తారు? అలా రాసుకోవచ్చా అండీ?
– నిమ్మగడ్డి రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: అలా రాసుకోకండి. రోగకారక బ్యాక్టీరియాను చంపుతుందని, పుండ్లు మాన్పుతుందని సీసా మీద రాసి అమ్మితే ఆ సరుకు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి వచ్చే అవకాశం ఉంది, అప్పుడు తయారీకి లైసెన్సు కావాలి. ఏదైనా ఇబ్బంది వస్తే ఆ మాట చెప్పిన వ్యాపారి మీ పక్కన నిలబడడు, సీసా మీద ఉన్న పేరు మీది. ప్రయోగశాలలో ప్లాస్టిక్ ప్లేటు మీద చేసిన పరీక్షను, వాడకంలో హామీ ఇచ్చే మాటగా మార్చడానికి మధ్యలో చాలా మెట్లున్నాయి.

మీకు నిజంగా ధర తెచ్చేది సిట్రాల్ శాతం. నిమ్మగడ్డి తైలానికి ఆ వాసననిచ్చేది అదే, బ్యాక్టీరియా మీద పనిచేసేది కూడా ప్రధానంగా అదే. మంచి తైలంలో 70 నుంచి 80 శాతం వరకు ఉంటుంది. సుగంధ పరిమళాల పరిశ్రమ కొనుగోలు చేసేటప్పుడు చూసేది ఆ శాతం రాసిన పరీక్ష పత్రాన్నే. హైదరాబాదు బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ సీమాప్ సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. సుగంధ మొక్కల రకాలు, స్వేదనం, తైలం నాణ్యత విషయాలలో రైతులకు సలహా ఇవ్వడం దాని పనులలో ఒకటి. ముందుగా అక్కడికి రాసి, తైలం నమూనాను ఎలా పంపాలో అడగండి.

ఈలోగా మీ చేతిలో ఉన్నవి చూసుకోండి. సిట్రాల్ గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. తైలాన్ని మామూలు ప్లాస్టిక్ డబ్బాలలో సగం సగం నింపి ఎండలో ఉంచకుండా, అల్యూమినియం డబ్బాలలో గానీ ముదురు రంగు గాజు సీసాలలో గానీ నిండుగా నింపి, మూత బిగించి, నీడన పెట్టండి. ఏ రోజు కోసిన గడ్డి, ఏ రోజు తీసిన తైలం అనే వివరాలు ప్రతి డబ్బా మీదా రాయండి. మీ ప్రాంతంలోని కళాశాల వారెవరైనా బయోఫిల్మ్ మీద పరిశోధనకు తైలం అడిగితే సంతోషంగా ఇవ్వండి, అలాంటి వివరాలున్న తైలం దొరకడం వారికి అరుదు.

ప్రశ్న: మా అమ్మగారికి మధుమేహం. అరికాలి పుండు రెండు నెలలుగా మానడం లేదు. పుండులో బయోఫిల్మ్ కట్టిందని డాక్టరుగారు అన్నారు. లవంగ నూనె, టీ ట్రీ ఆయిల్ బయోఫిల్మ్‌ను చంపుతాయని చదివాను. రాత్రిపూట కొద్దిగా రాయవచ్చా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దమ్మా, దయచేసి రాయకండి. చాలా కాలంగా మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది. నూనె చర్మాన్ని కాల్చినా మీ అమ్మగారికి మంట తెలియకపోవచ్చు. లవంగ నూనెలోని యూజినాల్‌కు తిమ్మిరెక్కించే గుణం కూడా ఉంది, అందువల్ల హెచ్చరికగా రావలసిన కొద్దిపాటి నొప్పి కూడా కప్పబడిపోతుంది. కట్టిన బయోఫిల్మ్‌ను ప్రయోగశాలలో చంపడానికి కావలసిన గాఢతలో ఈ తైలాలు మన కణాలను కూడా చంపుతాయి, పుండును పూడ్చవలసినవి ఆ కణాలే. పుండులో ఊరే ద్రవంలోని ప్రొటీన్లూ కొవ్వులూ తైలపు అణువులను పట్టుకుని బ్యాక్టీరియా దాకా పోనివ్వవు, ప్లాస్టిక్ ప్లేటులో ఈ అడ్డంకి ఉండదు. మానని పుండ్లలో తరచుగా ఉండే సూడోమోనాస్ మీద టీ ట్రీ ఆయిల్ ప్రభావం మొదటి నుంచీ తక్కువ, తనలోకి చొరబడిన తైలపు అణువులను తిరిగి బయటికి తోసే పంపులు ఆ బ్యాక్టీరియా పొరలో ఉన్నాయి.

మనుషుల మీద జరిగిన పరీక్ష ఒకటి చెబుతాను. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌ను ముక్కులో, చర్మం మీద మోస్తున్న 236 మంది రోగులతో బ్రిటన్‌లో చేసిన ఆ పరీక్ష 2004లో వెలువడింది. సగం మందికి మామూలు చికిత్స, సగం మందికి టీ ట్రీ క్రీము, టీ ట్రీ కలిపిన ఒంటి సబ్బు ఇచ్చారు. మొత్తం మీద మామూలు చికిత్సలో 49 శాతం మంది, టీ ట్రీ చికిత్సలో 41 శాతం మంది ఆ బ్యాక్టీరియా నుంచి బయటపడ్డారు. ముక్కులో మాత్రం మామూలు చికిత్సలోని మ్యుపిరోసిన్ మందు 78 శాతం మందిలో పనిచేస్తే టీ ట్రీ క్రీము 47 శాతం మందిలోనే పనిచేసింది. ఆ క్రీము కూడా కొలతతో తయారైన 10 శాతం క్రీము, దుకాణంలో దొరికే సీసాలోని నూనె కాదు. వారెవరూ మానని మధుమేహ పుండుకు దాన్ని సొంతంగా రాసుకున్నవారు కారు.

పుండులోని బయోఫిల్మ్‌కు ఈనాటికీ ప్రధానమైన చికిత్స, చచ్చిన కణజాలంతో పాటు దానిని వైద్యులు గీకి తీసివేయడమే. తీసిన కొద్ది రోజులలోనే అది మళ్లీ కట్టుకోవడం మొదలుపెడుతుంది, అందుకే మళ్లీ మళ్లీ రమ్మంటారు. ఆ తేదీలు తప్పనీయకండి, పాదం మీద బరువు పడకుండా చూడండి, చక్కెర అదుపులో ఉంచండి. పుండు చుట్టూ ఎరుపు పాకినా, వాసన మారినా, జ్వరం వచ్చినా తరువాతి తేదీ కోసం ఆగకుండా అదే రోజు చూపించండి.

ప్రశ్న: మరి సుగంధ తైలాలు బయోఫిల్మ్ మీద మనుషులలో ఎక్కడా పనిచేయలేదా? పొద్దున్నే నువ్వుల నూనె పుక్కిలించడం కూడా ఇదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, డల్లాస్ (స్వస్థలం తెనాలి)

జవాబు: పనిచేసిన చోటు ఉంది మాస్టారూ, అది నోరు. పళ్ల మీది గార మనకు అన్నిటికన్నా దగ్గరి బయోఫిల్మ్. దానిని సూక్ష్మదర్శినిలో మొదట చూసింది హాలండ్‌కు చెందిన లీవెన్‌హుక్. 1680ల దశకంలో ఆయన తన పళ్ల మీది గారలో కదిలే జీవులను చూసి లండన్ రాయల్ సొసైటీకి రాశారు. వెనిగర్‌తో పళ్లు కడిగితే గార పైభాగంలోని జీవులే చచ్చాయని, అది లోపలికి చేరలేదని కూడా ఆయన గమనించారు. కట్టిన పొర మీద మందు ఎందుకు విఫలమవుతుందో, దానికి పేరు పెట్టడానికి మూడు వందల ఏళ్ల ముందే ఆయన కళ్లారా చూశారన్నమాట. ఆ పరిశీలన గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలుగుతూనే ఉంటుంది.

1879లో అమెరికాలో మొదలైన లిస్టెరిన్ అనే పుక్కిలింత ద్రావణంలో నాలుగు సుగంధ పదార్థాలున్నాయి: థైమాల్ 0.064 శాతం, నీలగిరి తైలంలోని యూకలిప్టాల్ 0.092 శాతం, మెంథాల్ 0.042 శాతం, మిథైల్ సాలిసిలేట్ 0.060 శాతం. ఇటువంటి ద్రావణాలను బ్రష్షుతో పాటు నెలల తరబడి వాడినవారిలో గార, చిగుళ్ల వాపు తగ్గినట్లు అనేక పరీక్షలు చూపాయి. ఇది ఎందుకు ఫలించిందో గమనించదగినది. పంటి మీద పొర ప్రతిరోజూ బ్రష్షుతో తొలగిపోతుంది, తైలం ఎదుర్కొనేది అప్పుడే మళ్లీ అంటుకుంటున్న పలుచని పొరను. నాలుగు తైలాంశాలూ ఆల్కహాలులో కరిగి సమంగా కలిసి ఉంటాయి. అర నిమిషం ఉంచి ఉమ్మేస్తాము కనుక శరీరంలోకి చేరేది చాలా తక్కువ. కొన్నేళ్లుగా పళ్ల మధ్య గట్టిపడిన గార మీద ఇదే ద్రావణం ఏమీ చేయలేదు, దానిని దంతవైద్యుడు పరికరంతో తీయవలసిందే.

నువ్వుల నూనె వేరే జాతి. అది ఆవిరి కాని కొవ్వు నూనె, మనం మాట్లాడుతున్నవి స్వేదనంతో తీసే ఆవిరయ్యే తైలాలు. పుక్కిలింతకు మన ఆయుర్వేద సంప్రదాయంలో ఉన్న చోటును నేను కాదనను, కానీ లవంగ, వాము తైలాల పరీక్షల ఫలితాలను దానికి అంటగట్టకూడదు. అలాగే వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరం కలిపి ఇంట్లోనే పుక్కిలింత తయారుచేసుకోవాలని అనిపించవచ్చు. దయచేసి చేయకండి. పైన చెప్పిన అంకెలు శాతంలో పదో వంతు కూడా లేవు, వంటింటి చెంచాతో ఆ కొలత కుదరదు. కర్పూరం, నీలగిరి తైలం చిన్నపిల్లల కడుపులోకి కొద్దిగా పోయినా ఫిట్స్ రావచ్చు. కొన్న పుక్కిలింత ద్రావణాలను కూడా 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దని సీసా మీదే రాసి ఉంటుంది, మనవలు వచ్చినప్పుడు వారికి అందని ఎత్తులో పెట్టండి.